గాయని షేర్ పాట ‘బిలీవ్’లో గొంతు మెట్లుమెట్లుగా విరిగేది ఎలా?

ప్రశ్న: ఆటో-ట్యూన్ (గొంతు శ్రుతిని సరిదిద్దే సాఫ్ట్‌వేర్) వేసినా గొంతు శుభ్రంగా శ్రుతిలోకి వస్తోందే తప్ప, 1998 నాటి ఆ విరుపు రావట్లేదండీ. వోకోడర్ (గొంతుని సింథసైజర్ ధ్వనితో కలిపి రోబోలా వినిపించే పరికరం) వాడాలా?

జవాబు: వద్దండీ. ఆటో-ట్యూన్‌లో రీట్యూన్ స్పీడ్ (గొంతుని సరైన స్వరానికి ఎంత త్వరగా లాగాలో చెప్పే సెట్టింగు, 0 అంటే తక్షణమే) 0కి దించండి. 20, 30 మీద ఉంటే జారుడు అలాగే మిగిలిపోతుంది. పాట స్కేలు కూడా సరిగ్గా ఎంచుకోండి. ముఖ్యంగా, ఒక స్వరం మీంచి ఇంకోదానికి జారుతూ పాడించండి. నిలకడగా పాడితే విరగడానికి ఏమీ ఉండదు. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఆటో-ట్యూన్ తర్వాతే వేయండి, ముందే ఉంటే శ్రుతి దొరక్క గరగరలాడుతుంది.

ఇంకో జవాబు: వోకోడర్ అనే అపోహకి కారణం నిర్మాతలే. కిటుకు దాచి, మొదట్లో వోకోడర్ పెడల్ అని చెప్పారు. రికార్డు కంపెనీ ఆ ఎఫెక్ట్ తీసేయమంటే షేర్ ససేమిరా అన్నారు. పాట బ్రిటన్‌లో 7 వారాలు, అమెరికాలో 4 వారాలు నంబర్ 1! 2000లో గ్రామీ కూడా.

మళ్ళీ మొదటి జవాబుదారు: ఈ ఎఫెక్ట్ పాటంతా వేయకండి, ఎంచుకున్న మాటల మీదే వేస్తే చెవికి తగులుతుంది.