జనవరి 4 వైజాగ్ కలయిక: ప్లానర్‌లో మీ పనులు 20 లోపు సరిచూసుకోండి

న్యూజెర్సీ అడ్మిన్, డిసెంబర్ 13
అందరికీ నమస్కారం. మన సంఘం కలయికకి ఇంక మూడు వారాలే ఉంది. పనులు పంచుకోవడానికి మనం వాడే మైక్రోసాఫ్ట్ యాప్ ప్లానర్‌లో 86 పనులుంటే 31 మాత్రమే పూర్తయినట్టు కనిపిస్తున్నాయి. మీ పేరు మీద ఉన్నవి 20వ తేదీ లోపు ఒకసారి తెరిచి చూడండి. అయిపోయినవి మూసేయండి. మీవల్ల కానివి ఎవరు చేస్తారో కనుక్కుని వాళ్ల పేరు మీదకి మార్చండి.

ఇంకో మాట. దయచేసి కొత్త ప్లాన్లు తెరవకండి. 'భోజనాలు' పేరుతోనే ఇప్పటికి మూడున్నాయి. కొత్త ప్లాన్‌తో పాటు కొత్త గ్రూపు కూడా పుడుతోంది, అందులో లేనివాళ్లకి ఆ పనులు కనబడవు. గ్రూపులు తెరిచే వీలు కొందరికే ఉంచుదామంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఎంట్రా పీ1 అనే ఇంకో లైసెన్సు కావాలి. మన దగ్గర ఉన్నవి సేవా సంస్థలకి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే బిజినెస్ బేసిక్ లైసెన్సులు. 300 మంది దాకా ఇస్తారు గానీ ఆ సదుపాయం వాటిలో లేదు. అందుకే ఒకరి మాట ఒకరు వినడమే మార్గం.

సీతమ్మధార, డిసెంబర్ 14
అన్నా, మా ముగ్గురివీ అతిథి ఖాతాలు కదా. తెరిచిన ప్రతిసారీ మెయిల్‌కి కోడ్ వస్తోంది. నిన్న ఆఫీసులో ఉండగా వచ్చింది, ఇంటికొచ్చి కొడితే పనిచేయలేదు.

న్యూజెర్సీ అడ్మిన్
అది అరగంటే పనిచేస్తుందమ్మా. నీ మెయిల్ చిరునామాతోనే ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా తెరుచుకుని చెప్పు, ఆహ్వానం మళ్లీ పంపుతాను.

గాజువాక, డిసెంబర్ 15
అందరూ ఇది చూడండి. స్టేజీ కొలతలు తీసుకుందామని హాలుకి వెళ్లాను. "జనవరి 4 మీకు లేదు బాబూ" అన్నారు. నవంబర్ 30 లోపు మిగతా డబ్బు కట్టాలట, మనం కట్టలేదట. ఆ రోజుని ఏదో కంపెనీ వార్షికోత్సవానికి ఇచ్చేశారు. అడ్వాన్సు రసీదు చూపించాను. అడ్వాన్సు వెనక్కి ఇస్తారట, తేదీ మాత్రం ఇవ్వలేమన్నారు. గంటసేపు బతిమాలాను.

ఎంవీపీ అక్క
ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు, హాలుకి పోటీ ఉండదనే కదా ఆ తేదీ పెట్టుకున్నాం! ఆ డబ్బు కట్టే పని ఎవరిది?

న్యూజెర్సీ అడ్మిన్
'హాలు' పనులన్నీ పెట్టిన బకెట్‌లో ఉంది. గడువు నవంబర్ 30, స్థితి 'పురోగతిలో ఉంది'. అలా ఉండబట్టే నేను అడగలేదు. బాబాయ్ గారి పేరు మీద ఉంది.

ఎంవీపీ అక్క
బాబాయ్ గారి ఖాతా అక్టోబర్‌లోనే ఆపేశారు కదా! మోకాలి ఆపరేషన్ ఉంది, తప్పుకుంటానని ఆయన అన్న మర్నాడే మీరే ఆపేశారు. మరి ఆయనకి ఎవరు గుర్తుచేస్తారు?

న్యూజెర్సీ అడ్మిన్
తప్పుకున్నవాళ్ల ఖాతా ఆపడం నా బాధ్యత. సభ్యుల ఫోన్ నంబర్లు, విరాళాల లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. ఎవరికైనా అదే చేస్తాను. ఆయన పనులు ఎవరు తీసుకుంటారో వైజాగ్ టీము చెప్పాలి. 86 పనులూ నేనొక్కణ్ణే ఎలా చూస్తాను? పగలు ఉద్యోగం చేసుకుని, మీకు తెల్లవారే వేళకి నేను దీని ముందు కూర్చుంటున్నాను.

గాజువాక
అన్నా, బాబాయ్ గారు నాకు నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే కట్టేసేవాణ్ణి. ప్లానర్‌లో ఉంది కదా, ఎవరో ఒకరు చూసుకుంటారని ఆయన అనుకున్నారు. ఆయన పేరు మీద ఉంది కదా అని మేం దాని జోలికి వెళ్లలేదు.

సీతమ్మధార
పోయినసారి సామాన్ల దగ్గర కూడా ఇదే మాట విన్నాం.

న్యూజెర్సీ అడ్మిన్
ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా? దానికి నేను అప్పుడే జవాబు చెప్పాను.

మాస్టారు
ఇక చాలు, అందరూ ఆగండి. తేదీ మారదు. పిల్లల్ని తీసుకుని విమానం టికెట్లు కొనుక్కున్నవాళ్లున్నారు. గాజువాక తమ్ముడూ, రేపు ఏడింటికి మద్దిలపాలెం జంక్షన్‌కి రా. బండి మీద తిరుగుదాం. మిగతావాళ్లు తెలిసిన చోట్ల ఫోన్లు చేయండి.

న్యూజెర్సీ అడ్మిన్, డిసెంబర్ 16
రాత్రి నిద్ర పట్టక ప్లాన్ మొత్తం ఎక్సెల్‌లోకి దించి చూశాను. బాబాయ్ గారి పేరు మీద హాలు డబ్బు ఒక్కటే కాదు, ఇంకా 14 పనులున్నాయి. మైకు సెట్టు, జనరేటరు, మంచినీళ్ల క్యాన్లు, పెద్దవాళ్లకి చక్రాల కుర్చీలు అన్నీ ఆయన మీదే. ఖాతా ఆపినా పని ఆయన పేరు మీదే ఉండిపోతుంది, యాప్ దానంతటది ఇంకొకరికి మార్చదు. గడువు దగ్గరపడినప్పుడూ, దాటినప్పుడూ వచ్చే మెయిల్ పని ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే వెళ్తుంది. ఆ మెయిళ్లన్నీ ఎవరూ చూడని చోటికి పోయాయి. 'పురోగతిలో ఉంది' అన్నది సెప్టెంబర్‌లో అడ్వాన్సు ఇచ్చిన రోజు ఆయన పెట్టింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఖాతా ఆపేముందు ఆయన పేరు మీద ఏమున్నాయో వెతికి, ఒక్కొక్కటీ చదివి, ఆయనకి ఫోన్ చేసి, ఇది ఎవరికివ్వాలి బాబాయ్ అని అడగాల్సింది. మహా అయితే అరగంట పని. నేను చేయలేదు. ఇప్పుడే ఆయనతో మాట్లాడాను. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. అక్కా, నిన్న వైజాగ్ టీము మీద వేసిన మాట తప్పు. క్షమించండి.

ఎంవీపీ అక్క
నేనూ గట్టిగానే అన్నాను తమ్ముడూ. వదిలేయ్. ఆ ఎక్సెల్ వాట్సాప్‌లో పెట్టు.

మాస్టారు, డిసెంబర్ 17
రెండు రోజుల్లో ఆరు చోట్లు చూశాం. ద్వారకానగర్‌లో దొరికింది 150 మందికే సరిపోతుంది, మనం 400. బీచ్ రోడ్డు హోటళ్ల ధర మనకి అందదు. ఎండాడ దగ్గరిది బాగుంది గానీ బయటి వంట లోపలికి రానివ్వరు. మన వంటవాళ్లకి మాటిచ్చేశాం, పనసపొట్టు కూర కోసమే వస్తున్నవాళ్లున్నారు.

మధురవాడలో ఒక స్కూలు మైదానం ఆదివారం పూట ఇస్తామన్నారు. హైవే నుంచి లోపలికి ఐదు నిమిషాలు. రెండు పెద్ద వేపచెట్లున్నాయి. షామియానా, కుర్చీలు, కరెంటు మనమే చూసుకోవాలి. జనవరిలో మనకి వాన భయం పెద్దగా ఉండదు. సాయంత్రం మంచు పడుతుంది, పెద్దవాళ్లని అప్పటిదాకా బయట కూర్చోబెట్టలేం. ఉదయం 10కి మొదలుపెట్టి 5 లోపు ముగిద్దాం అంటాను. మైకుకి పోలీసు అనుమతి ఎలాగూ కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ కూడదు. పగలే అయితే ఆ టెన్షన్ ఉండదు. రేపు మధ్యాహ్నం లోపు చెప్పమన్నారు.

సీతమ్మధార
నాకు ఇష్టమే. తప్పెటగుళ్ల బృందం గురువుగారికి ఫోన్ చేసి చెప్పాను. మైదానం అనగానే ఎంత సంతోషించారో! గజ్జెలు కట్టుకుని నున్నటి టైల్స్ మీద ఎగరడం కష్టమట. అడుగు నేల మీదే పడాలన్నారు.

డల్లాస్ కోశాధికారి
ఒప్పుకోండి. కానీ డబ్బు సంగతి వినండి. స్కూలు నడిపేది ట్రస్టు. అద్దెకి బిల్లు ఇస్తారా, విరాళంగా తీసుకుంటారా? విరాళమైతే సంఘం ఖాతా నుంచి పంపకూడదు. అది విదేశీ విరాళం కిందకి వస్తుంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం వాళ్లకి రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. మనవల్ల స్కూలు ఇబ్బంది పడకూడదు.

మాస్టారు
విరాళమే అంటున్నారండీ.

డల్లాస్ కోశాధికారి
అయితే భారత పాస్‌పోర్టు ఇంకా ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, నాతో సహా, దీనికి దూరంగా ఉండాలి. షామియానా, భోజనాల బిల్లుల సంగతి నేను విడిగా చూస్తాను.

ఎంవీపీ అక్క
వైజాగ్‌లో ఉన్నవాళ్లం మేమే వేసుకుంటాం. నావి పదివేలు.

గాజువాక
నావి ఐదు.

సీతమ్మధార
నావీ ఐదు.

గాజువాక, డిసెంబర్ 20
ఎక్సెల్‌ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. ఆరు పేజీలు. లిఫ్టు, ఏసీ, పార్కింగ్ పాసులు, గ్రీన్ రూమ్ తాళాలు... మొదటి రెండు పేజీలూ హాలు పనులే. కొట్టేశాం. మాకు కావాల్సినవి అందులో లేవు. గోతులు పూడ్చడం, నీళ్ల ట్యాంకరు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి రెండు క్లాసురూములు. కాగితం వెనకవైపు రాసుకుంటున్నాం.

ఎంవీపీ అక్క
మా ఇంట్లో గోడకి చార్టు అంటించాను. ఎవరు వచ్చినా వాళ్ల పని వాళ్ల చేతే రాయిస్తున్నాను. రాత్రి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను. తమ్ముడూ, నీకు అదే చాలు కదా?

న్యూజెర్సీ అడ్మిన్
చాలక్కా. ఫోటో కొంచెం వెలుతురులో తీయండి. కింద రెండు వరసలు కనబడటం లేదు.

సీతమ్మధార, డిసెంబర్ 27
పోలీసు అనుమతి వచ్చింది. జనరేటరు కూడా మాట్లాడాను. ముసుగు ఉన్నదే ఇస్తారు, చప్పుడు తక్కువ.

మాస్టారు, జనవరి 2
షామియానా వాళ్లు రేపు ఉదయం ఆరింటికి వస్తారు. గేటు తాళం నా దగ్గరే ఉంది. అడ్మిన్ తమ్ముడూ, నిన్న దిగావని విన్నాను. ఒంట్లో ఓపికుంటేనే రా, లేకపోతే పడుకో.

న్యూజెర్సీ అడ్మిన్
ఐదున్నరకే గేటు దగ్గర ఉంటాను మాస్టారూ.

మాస్టారు
ఇంకొకటి. బాబాయ్ గారు ఫోన్ చేశారు. "మైదానం అంటున్నారు, మెట్లు లేవు కదా?" అని అడిగారు. లేవన్నాను. అయితే వస్తానన్నారు.

గాజువాక
ఆదివారం తొమ్మిదింటికి నేనే కారు తీసుకెళ్తాను. ముందు సీటు బాబాయ్ గారికి. మైకు సామాను వెనక సర్దుకోండి.