ఏడో తరగతి ఇంగ్లీషు క్లాసులో పిల్లలు అసలు ఏం నేర్చుకుంటున్నారు?

తెనాలి అమ్మ:
మా బాబు ఏడో తరగతి, ప్రైవేటు స్కూలు, స్టేట్ సిలబస్. మొన్న పరీక్షలో, కుక్కపిల్ల తప్పిపోయిన అబ్బాయిలా డైరీ ఎంట్రీ రాయమన్నారు. అన్నం తినబుద్ధి కాలేదని, వీధి చివర టీ కొట్టు దాకా వెళ్ళి వెతికానని వాడు సొంతంగా రాశాడు. పదికి మూడు వేశారు. మంచి మార్కులు వచ్చిన పేపర్లన్నీ ‘టుడే ఈజ్ యాన్ అన్‌ఫర్‌గెటబుల్ డే ఇన్ మై లైఫ్’ అనే మొదలయ్యాయి. గైడులో ఉన్నది అదే. గైడు బట్టీ పట్టడానికైతే ఆ క్లాసు ఎందుకండీ?

పాత బెంచీ:
గ్రామర్ గాలికొదిలేస్తే ఇలాగే ఉంటుంది. మాకు ఏడో తరగతిలోనే పాసివ్ వాయిస్ చెప్పారు. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి ఒక్క వాక్యం మార్చమనండి, నీళ్ళు నములుతాడు.

సాయంకాలం:
మా పాప స్కూల్లోనూ ఇదే కథ. ఎవరైనా వివరంగా చెబితే బాగుండు.

నల్గొండ పంతులు:
నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. కొంచెం పెద్దగా రాస్తున్నా. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్య ప్రణాళిక తర్వాత పుస్తకాలు మారాయి. సంభాషణ, డైరీ, ఉత్తరం, నోటీసు, వార్త లాంటివి పిల్లలే రాయాలి. వీటినే డిస్కోర్స్‌లు అంటాం. పాఠం చదివి మాట్లాడుకోవాలి, ఒక్కొక్కరూ రాయాలి, తర్వాత గ్రూపులో కలిపి రాయాలి. ఆ రాత బోర్డు మీద పెట్టి అందరం కలిసి తప్పులు దిద్దాలి. గ్రామర్ అక్కడే నేర్చుకుంటారు. తెలుగులో ‘నేను విద్యార్థిని’ అంటే చాలు కాబట్టి మా పిల్లలు ‘ఐ స్టూడెంట్’ అని రాస్తారు. బోర్డు మీద ‘యామ్’ ఎక్కడ పెట్టాలో వాళ్ళే చూపించినప్పుడు అది గుర్తుంటుంది.
అయితే దిద్దే పనికి రెండు పీరియడ్లు కావాలి. ఈలోపు ఫార్మేటివ్ పరీక్ష తేదీ వచ్చేస్తుంది. అందుకే చాలామంది జవాబు బోర్డు మీద రాసేసి ఎక్కించుకోమంటారు.

పాత బెంచీ:
ఇంత రాశారు, పాసివ్ వాయిస్ ఎప్పుడు చెబుతారో మాత్రం చెప్పలేదు.

డాలస్ నాన్న:
మా అమ్మాయి ఇక్కడ ఏడో గ్రేడ్. ఒక నవలను కొన్ని వారాల పాటు చదువుతారు. ఒక పాత్ర ఎందుకలా చేసిందో తన అభిప్రాయం రాయాలి, దానికి ఆధారంగా పుస్తకంలోని వాక్యం చూపించాలి. బట్టీ మాటే లేదు. మన దగ్గర మాత్రం ఎందుకు కుదరదు?

నల్గొండ పంతులు:
అక్కడ ఆ భాష బడి బయటా వినిపిస్తుందండీ. నా పిల్లలకు ఇంగ్లీషు వినిపించేది నా పీరియడ్లో మాత్రమే. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పిల్లల చూపు తెలుగు పేజీ మీదే ఉంటుంది. నవల ఎక్కడ చదివించమంటారు?
బెంచీ గారూ, పాసివ్ చెబుతాను. సైన్సు పాఠంలో ‘వాటర్ ఈజ్ హీటెడ్’ అని వచ్చినప్పుడు చెబుతాను. నీళ్ళు ఎవరు కాచారన్నది అక్కడ అనవసరం కాబట్టి అలా రాస్తారని అప్పుడు తెలుస్తుంది. యాభై వాక్యాలు తిరగేసి రాయిస్తే తెలియదు.

పాత బెంచీ:
మీకు చెప్పడం తేలికే. ఇంటర్వ్యూలో నేనొక వాక్యం తప్పు మాట్లాడితే ఎదురుగా ఉన్న ముగ్గురూ నవ్వారు. ఆ ఉద్యోగం రాలేదు. నా పిల్లలకు ఆ గతి పట్టకూడదు. ముందు తప్పు లేకుండా రాయడం రావాలి, సొంత మాటలు తర్వాత.

తెనాలి అమ్మ:
ఆ నవ్వుకు భయపడే కదండీ పిల్లలు నోరు విప్పనిది! మావాడి పేపర్లో స్పెల్లింగులు తప్పే, టెన్స్ తప్పే, కాదనను. కానీ ఒక్క తప్పు కిందా గీత లేదు. అడ్డంగా కొట్టేసి మూడు వేశారు. ఇకనుంచి గైడే రాస్తానంటున్నాడు. మీ టీచర్లకు దిద్దే ఓపిక లేక పిల్లల్ని చిలకల్ని చేస్తున్నారు.

నల్గొండ పంతులు:
మేడమ్, ఆ మాట నాకు నొప్పి కలిగించింది. పోయినేడు ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ‘ఫాదర్ నో మనీ, సైకిల్ నాట్ కమింగ్’ అని ఉత్తరం రాసింది. తప్పులు దిద్ది ఏడు వేశాను. గైడు దింపిన అబ్బాయికి ఐదు. మర్నాడు అతని నాన్న గైడు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఇందులో తప్పేముందో చూపించమన్నాడు. తప్పు లేదు, నిజమే. అది వాడి ఉత్తరం కాదని ఎంత చెప్పినా వినలేదు. హెడ్మాస్టర్ దాకా వెళ్ళి మార్కులు పెంచించుకున్నాడు. గైడు కావాలనేది ఎవరో మీరే చెప్పండి.

డాలస్ నాన్న:
అంటే గొడవ సిలబస్‌తో కాదు. మార్కు దేనికి వేయాలన్న దగ్గరే ఉంది.

పాత బెంచీ:
తప్పు లేని జవాబుకి ఐదేనా? ఆ తండ్రి అడిగింది న్యాయమే. నేనైనా అడుగుతాను.

తెనాలి అమ్మ:
నేను మాత్రం ఒప్పుకోను. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. మార్కులు పెంచమని అడగను. తప్పుల కింద గీతలు గీసి పేపరు తిరిగి ఇమ్మంటాను, వాడితో మళ్ళీ రాయించమంటాను. పంతులు గారూ, సొంతంగా రాసినదానికి మార్కులు వేయకూడదన్న రూలేమైనా ఉందా?

నల్గొండ పంతులు:
లేదు మేడమ్. సొంతంగా రాయాలనే ఆ ప్రశ్న పెట్టింది. ధైర్యంగా అడగండి.

పాత బెంచీ:
అడగండి. పాసివ్ వాయిస్ ఏ నెలలో చెబుతారో కూడా అడగండి.