ఫోర్స్‌డ్ ల్యాండింగ్ సాధనలో ప్రతిసారీ పొలం దాటిపోతున్నాను, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. సెస్నా 152 అనే చిన్న విమానం మీద పైలట్ శిక్షణ తీసుకుంటున్నాను, ఇప్పటికి 22 గంటలు అయ్యాయి. ఇంజిన్ ఆగిపోతే దిగే సాధన దగ్గరే చిక్కుకుపోయాను.

2,500 అడుగుల దగ్గర శిక్షణ ఇచ్చే సార్ థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లీవర్) వెనక్కి లాగేస్తారు. 60 నాట్ల గ్లైడ్ వేగం పట్టుకోవడం, ఆ వేగం నిలిచేలా ట్రిమ్ చేయడం, గాలికి ఎదురుగా దిగేలా పొలం ఎంచుకోవడం బాగానే వస్తున్నాయి. ఆ తర్వాతే చెడుతోంది. ఇంజిన్ మళ్లీ నడుస్తుందేమోనని కార్బ్యురేటర్ హీట్, ఫ్యూయల్ వాల్వ్, మిక్స్చర్, మాగ్నెటోలు చూసుకుని రేడియోలో మేడే (ఆపద సందేశం) చెప్పి తలెత్తేసరికి, పొలం అనుకున్న చోట ఉండదు. అందదేమోనన్న భయంతో తొందరగా తిరిగేస్తాను. ఫైనల్‌లోకి (పొలం వైపు సూటిగా దిగే చివరి భాగంలోకి) వచ్చాక చూస్తే ఎత్తు చాలా ఎక్కువ. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) పూర్తిగా దించినా ఆగదు.

నిన్న ఎత్తు తగ్గించాలని ముక్కు కిందికి నొక్కాను. వేగం 80 నాట్లకు పోయి, పొలం మీద ఇంకా ముందుకు తేలిపోయింది. 500 అడుగుల దగ్గర సార్ పవర్ ఇచ్చి పైకి తీసుకెళ్లారు. నిజంగా ఇంజిన్ ఆగితే ఆ పవర్ ఉండదు కదా! అదే రాత్రంతా టెన్షన్.

పొలంలో మూడో వంతు లోపలికి గురి పెట్టి, అందుతుందని నమ్మకం కుదిరాకే ఫ్లాప్స్ వేయమని సార్ అంటారు. కానీ ఆ నమ్మకం దేన్ని చూసి కుదరాలి? బేస్ లెగ్‌లో (ఫైనల్‌కి తిరిగే ముందు అడ్డంగా ఎగిరే భాగంలో) మీరు పొలాన్ని ఎలా అంచనా వేస్తారు? ఎత్తు మిగిలితే సైడ్‌స్లిప్ (విమానాన్ని పక్కకు వాల్చి జార్చడం) మంచిదా, దారి పొడిగించే ఎస్ మలుపులా? చెక్‌లిస్ట్ చేస్తూనే పొలం మీద చూపు నిలపడం ఎలా అలవాటు చేసుకున్నారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.