జేసన్‌లో కీల పేర్లు: స్నేక్ కేసా, క్యామెల్ కేసా? మధ్యలో మార్చాలా, వద్దా?

ఏటిగట్టు
మా బ్యాకెండ్ పైథాన్, ఫ్రంటెండ్ జావాస్క్రిప్ట్. పెప్ 8 (పైథాన్ స్టైల్ గైడ్) ప్రకారం మేం స్నేక్ కేస్ (పదాల మధ్య అండర్‌స్కోర్) రాస్తాం, ఫ్రంటెండ్ వాళ్లకి క్యామెల్ కేస్ (అండర్‌స్కోర్ లేకుండా, తర్వాతి పదం పెద్దక్షరంతో) అలవాటు. రెంటి మధ్యా డేటా వెళ్లేది జేసన్ ఫార్మాట్‌లో; అందులో కీలు (ఫీల్డు పేర్లు) ఏ పద్ధతిలో పంపాలో రెండు వారాలుగా తేలట్లేదు. మిడిల్‌వేర్ (మధ్యలో ప్రతి రెస్పాన్సునీ పట్టుకునే కోడ్) పెట్టి కీలన్నీ ఆటోమేటిగ్గా మార్చేద్దామని టీమ్‌లో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

రాత్రిషిఫ్ట్
ఆ పని మాత్రం చెయ్యకండి. మేం చేసి దెబ్బతిన్నాం. మా రెస్పాన్సులో అనువాదాల ఆబ్జెక్ట్ ఒకటుండేది, దాని కీలు లొకేల్ కోడ్‌లు (భాష, దేశం గుర్తులు). తెలుగుకి 'టీఈ_ఐఎన్'. అది ఫీల్డు పేరో, డేటానో కన్వర్టర్‌కి ఎలా తెలుస్తుంది? అండర్‌స్కోర్ కనబడగానే పీకేసింది. యాప్ తెలుగు కోసం వెతికి, దొరక్క, ఇంగ్లీషు చూపించింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైనూ లేదు. తెలుగులో వాడేవాళ్లు ఫిర్యాదు చేస్తే గానీ మాకు తెలియలేదు.

ఇంకోటి: వెళ్లిన పేరే తిరిగొస్తుందని నమ్మకం లేదు. 'అడ్రస్_లైన్_1' క్యామెల్‌లోకి వెళ్తే అండర్‌స్కోర్లు రెండూ పోతాయి. చాలా కన్వర్టర్లు పెద్దక్షరం దగ్గరే విడదీస్తాయి, అంకె దగ్గర కాదు. తిరిగొచ్చేసరికి 'అడ్రస్_లైన్1' అవుతుంది.

పాతకోడ్
అందుకే అసలు మార్చొద్దంటాను. స్నేక్ కేసే పంపండి. ఈఎస్‌లింట్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ని చెక్ చేసే టూల్) ఒప్పుకోకపోతే క్యామెల్‌కేస్ రూల్‌లో ప్రాపర్టీస్‌కి 'నెవర్' అని పెట్టుకోవచ్చు. డేటాబేస్ కాలమ్ నుంచి స్క్రీన్ దాకా పేరు ఒకటే ఉంటే, అర్ధరాత్రి బగ్ వచ్చినా ఒక్క సెర్చ్‌లో దొరుకుతుంది.

రాత్రిషిఫ్ట్
సెర్చ్ సంగతి నిజమేనండీ, అది పెద్ద లాభమే. కానీ ఫ్రంటెండ్ వాళ్లు రోజంతా తమ భాషకి ఎదురు రాయాలి. మార్చండి, కాకపోతే ఏది మారాలో మోడల్‌లోనే (ఫీల్డులు డిక్లేర్ చేసే చోటే) చెప్పండి. పైథాన్ లైబ్రరీ పైడాంటిక్‌లో ఎలియాస్ జనరేటర్ ఉంది, రస్ట్ భాషకి సెర్డే లైబ్రరీలో రీనేమ్ ఆల్ ఉంది. రెండూ డిక్లేర్ చేసిన ఫీల్డులనే ముట్టుకుంటాయి, డిక్షనరీ కీల జోలికి పోవు. గో భాషలో ఫీల్డు పేరు పెద్దక్షరంతో మొదలవ్వకపోతే జేసన్‌లోకే రాదు. కాబట్టి బయటికి వెళ్లే పేరు వేరుగా ఉండాలంటే ఒక్కో ఫీల్డుకీ ట్యాగ్ రాయాల్సిందే. విసుగే, కానీ ఏ పేరు బయటికి వెళ్తోందో కళ్లెదుటే ఉంటుంది.

ఏటిగట్టు
మా రెస్పాన్సులో ప్రోడక్ట్ కోడ్‌లు కీలుగా ఉన్న ఆబ్జెక్ట్ ఉంది, అన్నిట్లోనూ అండర్‌స్కోర్లే. మిడిల్‌వేర్ పీఆర్ (కోడ్‌లో కలపమని పెట్టిన మార్పు) ఆపేస్తున్నా. పాత మొబైల్ వెర్షన్ ఇంకా స్నేక్ కేసే వాడుతోంది, దానికేం చెయ్యాలి?

రాత్రిషిఫ్ట్
వచ్చేదాన్ని రెండు రకాలుగానూ తీసుకోండి, పైడాంటిక్‌లో పాపులేట్ బై నేమ్ ఆన్ చేస్తే చాలు. వెళ్లేదానికి మాత్రం కొత్త వెర్షన్ పాత్ (ఏపీఐకి వేరే అడ్రస్) పెట్టండి.