మంచు ట్రెక్‌కి, సైకిల్‌కి కళ్లద్దాలా, కాంటాక్ట్ లెన్సులా? సైటు మైనస్ నాలుగున్నర

మసక_మబ్బు

అందరికీ నమస్తే. నాకు కుడి కన్ను -4.5, ఎడమ -4.25, రెండిట్లోనూ సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవటం వల్ల వచ్చే సైటు) -1 ఉంది. తొమ్మిదో తరగతి నుంచి కళ్లజోడే, లెన్సులు ఎప్పుడూ పెట్టలేదు. డిసెంబర్ చివర్లో ఆఫీసు వాళ్లతో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకి వెళ్తున్నాను, మంచులో నడవాలట. అది కాక ఆదివారాలు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను, ఓపిక ఉంటే అనంతగిరి గుట్టల వైపు కూడా.

అద్దాలతో నా బాధలు మీకు తెలిసినవే. చెమటకి ముక్కు మీంచి జారతాయి, మెడకి వేసుకునే బఫ్ గుడ్డని ముక్కు పైకి లాగితే ఆవిరి పట్టేస్తుంది, వాన పడితే రోడ్డు కనపడదు, కూలింగ్ గ్లాసులు పెట్టుకునే యోగం లేదు. ఆప్టికల్స్ షాపులో లెన్సులు తీసుకోమంటున్నారు, అమ్మేమో కంట్లో ప్లాస్టిక్ ఏంట్రా అంటోంది, ఇంకో ఫ్రెండు చలికి లెన్సు కంట్లోనే గడ్డకడుతుందని భయపెట్టాడు. వాడినవాళ్లు చెప్పండి. లేసిక్ చేయించుకోమనేవాళ్లకి ముందే దండం, ఇప్పట్లో ఆ ఆలోచన లేదు.

గుట్టల_బ్యాచ్

బ్రో, లెన్సులే. కంట్లో గడ్డకట్టడం అంతా కట్టుకథ, కన్ను ఒంటి వేడితో, కన్నీళ్లతో ఉంటుంది కదా, గడ్డకట్టేది డబ్బాలో ఉన్న లెన్సు, సీసాలో ఉన్న సొల్యూషన్. అందుకే రాత్రి వాటిని బ్యాగులో వదలకుండా స్లీపింగ్ బ్యాగులో నీతో పెట్టుకుని పడుకోవాలి. ఇంకా మంచిది, డైలీ డిస్పోజబుల్ తీసుకో. పొద్దున కొత్త జత, సాయంత్రం తీసి చెత్త కవర్లో వేసి కిందికి తెచ్చెయ్యి, కొండ మీద పారెయ్యకు. డబ్బా కడగటం, సొల్యూషన్ మొయ్యటం అనే గోలే ఉండదు. జతకి వంద రూపాయల పైమాటే, సిలిండర్ ఉన్నవి ఇంకాస్త ఎక్కువ, కానీ ట్రెక్ నాలుగు రోజులకే కదా.

లెన్సులతో అసలు లాభం ఏంటంటే మంచులో నీకు నచ్చిన మామూలు గాగుల్స్ పెట్టుకోవచ్చు, పక్కచూపు అంతా తేటగా ఉంటుంది, దిగేటప్పుడు కాళ్ల కింద ఏముందో ఫ్రేమ్ అడ్డు లేకుండా కనపడుతుంది. నిటారుగా దిగేటప్పుడు అద్దాలు జారి కింది అంచు దగ్గర సగం మసక, సగం తేట వస్తే అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీదు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, శానిటైజర్ రాసుకున్న చేత్తో లెన్సు ముట్టుకున్నావంటే కళ్లల్లో కారం కొట్టినట్టే ఉంటుంది. సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడుచుకున్నాకే ముట్టుకోవాలి.

చైన్_ఊడింది

ట్రెక్ సంగతి నాకు తెలీదు గానీ సైకిల్‌కి మాత్రం నా ఓటు కళ్లజోడుకే. సాయంత్రం చెరువు పక్కన తొక్కి చూడండి, పురుగులు మొహం మీదికి ఎలా వస్తాయో. కంట్లో లెన్సు ఉండి పైన ఏ అద్దమూ లేకుండా తొక్కితే దుమ్ము, పురుగు, లారీ పొగ అంతా అందులోకే. గాలికి లెన్సు ఎండిపోయి కంటికి అతుక్కున్నట్టు ఉంటుంది, రెప్ప కొట్టిన ప్రతిసారీ గుచ్చుతుంది. అందుకే లెన్సు పెట్టినా పైన ఏదో ఒక సాదా గాగుల్స్ తప్పవు. ఎలాగూ ముక్కు మీద ఏదో ఒకటి మొయ్యాల్సిందే అయితే పవర్ ఉన్నదే మోద్దాం!

కాకపోతే ఆఫీసుకి పెట్టుకునే ఫ్రేమ్ పనికిరాదు. వంగిన హ్యాండిల్ పట్టుకుని తల దించి తొక్కేటప్పుడు మనం అద్దం మధ్యలోంచి చూడం, పై అంచు దగ్గరనుంచి చూస్తాం. ఇప్పుడు ఫ్యాషన్‌లో ఉన్న సన్నటి ఫ్రేములతో అయితే ఎదురుగా వచ్చే బండి ఫ్రేమ్ పైనుంచి మసకగా కనపడుతుంది. కాబట్టి ఎత్తు ఎక్కువ ఉన్న ఫ్రేమ్, రబ్బరు ముక్కు ప్యాడ్లు, పాలీకార్బొనేట్ అద్దం. ఈ అద్దం రాయి తగిలినా మామూలు అద్దంలా ముక్కలవ్వదు, అల్ట్రావయొలెట్‌ని కూడా దానంతట అదే ఆపుతుంది. గీతలు తొందరగా పడతాయి, అందుకని టీషర్టుతో తుడవకండి. వెనక తాడు కట్టుకోండి, స్టైలు పోతే పోయింది.

సైకిల్ గాగుల్స్ వెనక పవర్ అద్దాలు బిగించే ఇన్సర్టులు కూడా వస్తాయి. నాకు నచ్చలేదు, రెండు పొరల మధ్య ఆవిరి పడుతుంది, కనురెప్ప వెంట్రుకలు తగులుతుంటాయి. ఇక బాగా వంపు తిరిగిన ఫ్రేములో నేరుగా పవర్ వేయించుకోవాలంటే మీ సైటుకి కష్టం, మైనస్ నాలుగు దాటితే అంచుల్లో నేల వంకరగా కనపడుతుంది, చాలా షాపులవాళ్లు చెయ్యం అంటారు.

ఓరుగల్లు_ఆప్టమ్

నేను ఆప్టోమెట్రిస్టుని, రోజూ లెన్సులు పెట్టించే పనే. పై ఇద్దరూ చెప్పినదాంట్లో విషయం ఉంది, కానీ ఏది కొనాలన్న మాట కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయండీ.

మీ కళ్లజోడు చీటీ పట్టుకుని ఆన్‌లైన్లో లెన్సులు ఆర్డరు పెట్టకండి. అద్దం కంటికి ఒక సెంటీమీటరు పైన దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది, అందుకని మైనస్ నాలుగు దాటిన దగ్గర్నుంచి నంబరు మారుతుంది. అద్దంలో -4.5 ఉన్నవాళ్లకి లెన్సులో -4.25 చాలు, మీ ఎడమ కన్ను -4 దగ్గరికి వస్తుంది. సిలిండర్ ఉంది కాబట్టి దాన్ని కూడా సరిచేసే టోరిక్ రకం లెన్సు కావాలి. వాటిలో సిలిండర్ మామూలుగా -0.75, తర్వాత -1.25 ఇలా మెట్లుగా దొరుకుతుంది, మీ -1కి సరిగ్గా దొరక్కపోవచ్చు, ఏది తేటగా ఉందో పెట్టి చూడాల్సిందే. టోరిక్ లెన్సు కంట్లో తిరిగిపోతే చూపు మసకబారుతుంది, రెండు మూడు సార్లు రెప్ప కొడితే సర్దుకోవాలి, సర్దుకోకపోతే ఆ లెన్సు మీ కంటికి నప్పలేదని అర్థం.

కేదార్‌కంఠ 12,500 అడుగులు. అక్కడ గాలిలో ఆక్సిజన్ కింద ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులకి కూడా రాదు. నల్లగుడ్డు మీది కార్నియాకి రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ చాలావరకు బయటి గాలి నుంచే తీసుకుంటుంది. కాబట్టి సిలికాన్ హైడ్రోజెల్ రకం అడగండి, అది ఆక్సిజన్‌ని కంటిదాకా బాగా పోనిస్తుంది. ఎంత అలసిపోయినా లెన్సుతో నిద్రపోకండి. టెంటులో బద్ధకం వేస్తుంది, తెలుసు. అయినా తీసెయ్యండి.

నీళ్ల విషయం ఇంకా ముఖ్యం. కుళాయి నీళ్లు, వాగు నీళ్లు, మినరల్ వాటర్ ఏవీ లెన్సుకి తగలకూడదు. నీళ్లలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది, లెన్సు కింద చేరితే కార్నియాని తినేస్తుంది, మందులు నెలల తరబడి వెయ్యాలి, చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మన దగ్గర లెన్సులు పెట్టనివాళ్లకి కూడా బురద నీళ్లు పడి ఇది వస్తుంది, లెన్సు ఉంటే దానికి ఇల్లు కట్టిచ్చినట్టే. బొగత జలపాతం కింద తల పెట్టాలనుకుంటే ముందు లెన్సు తీసి పెట్టండి. ఈత కొట్టేవాళ్లకి పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ దొరుకుతాయి, సిలిండర్ లేకపోయినా ఈతకి సరిపోతుంది.

కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు చూడలేకపోవటం, మసక, ఈ నాలుగిట్లో ఏది వచ్చినా లెన్సు తీసి అద్దాలు పెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉందంటే ఇన్ఫెక్షన్ లోపల ముదురుతుంటే పైకి మాత్రం ఎరుపు తగ్గినట్టు కనపడుతుంది.

మసక_మబ్బు

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ అండీ. చిన్న డౌట్లు. శిఖరం ఎక్కే రోజు తెల్లవారుజామున రెండు మూడింటికే బయలుదేరతారట, సూర్యోదయానికి పైకి చేరాలని. ఆ చలిలో, చీకట్లో, వణుకుతున్న వేళ్లతో లెన్సు పెట్టడం అయ్యే పనేనా? రెండోది, ఎండకి రంగు మారే ఫొటోక్రోమిక్ అద్దాలు వేయించుకుంటే లెన్సు గొడవే లేకుండా పోతుంది కదా?

గుట్టల_బ్యాచ్

అవుతుంది బ్రో. చేతులు స్లీపింగ్ బ్యాగులో వెచ్చబెట్టుకుని, హెడ్‌ల్యాంపు పెట్టుకుని పెట్టెయ్యటమే. ఇంట్లో మొహం చూసుకునే అద్దం లేకుండా పెట్టడం ప్రాక్టీస్ చెయ్యి, అక్కడ ఎవడూ అద్దం తేడు.

ఓరుగల్లు_ఆప్టమ్

అలవాటున్నవాళ్లకి అవుతుంది. లెన్సులు మొదలుపెట్టి నెల కూడా నిండనివాళ్లకి నేను వద్దంటాను. మొద్దుబారిన వేలికి కంటిని ఎంత గట్టిగా తాకుతున్నామో తెలీదు, కార్నియా మీద గీత పడితే ఆ రోజు ఎక్కడం పోయినట్టే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆ ఒక్కరోజు అద్దాలతో వెళ్లి, వాటి మీద పట్టే పెద్ద ఫిట్‌ఓవర్ గాగుల్స్ జేబులో ఉంచుకుంటే మేలు. అందంగా ఉండవు, పని చేస్తాయి.

ఫొటోక్రోమిక్ గురించి. చలిలో అవి బాగా నల్లబడతాయి, తిరిగి తేట అవడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. మన వేసవి ఎండల్లో దానికి ఉల్టా, వేడికి పూర్తిగా నల్లబడవు. కారులో కూర్చుంటే ముందు అద్దమే అల్ట్రావయొలెట్‌ని ఆపేస్తుంది కాబట్టి చాలా రకాలు అసలు మారవు. సైకిల్‌కి బాగుంటాయి. మంచుకి వాటినే నమ్ముకోకండి, పక్కలనుంచి వచ్చే వెలుగుని మామూలు ఫ్రేమ్ ఆపదు.

మంచు మీద ఎండ చిన్న విషయం కాదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకీ అల్ట్రావయొలెట్ పది శాతం దాకా పెరుగుతుంది, కొత్తగా పడ్డ మంచు అందులో 80 శాతం వరకు తిరిగి మొహం మీదికే కొడుతుంది. గాగుల్స్ లేకుండా తిరిగితే అప్పటికప్పుడు ఏమీ తెలీదు, కొన్ని గంటలాగి రాత్రి టెంటులో కళ్లల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. కొన్ని లెన్సుల మీద యూవీ బ్లాకింగ్ అని రాసి ఉంటుంది, అది కప్పేది నల్లగుడ్డునీ దాని చుట్టూ కాస్తనీ మాత్రమే, తెల్లగుడ్డు, రెప్పలు బయటే కదా. గాగుల్స్ ఎంత నల్లనివో చెప్పే కేటగిరీల్లో 3 తీసుకోండి, ఇంకా నల్లటి కేటగిరీ 4 కూడా ఉంది గానీ దాంతో బండి నడపకూడదు.

నలభై_దాటిన_రైడర్

అడిగినతనికి వయసు తక్కువ అనుకుంటా, కానీ ఈ థ్రెడ్ చదివే మా వయసువాళ్ల కోసం ఒక మాట. మైనస్ సైటు ఉన్నవాళ్లకి చత్వారం వచ్చినా కళ్లజోడు తీసేసి ఫోను దగ్గరగా పెట్టుకుని చదివేస్తాం, పెద్దగా తెలీదు. లెన్సులు పెట్టిన రోజు తెలుస్తుంది, దూరం కొండ మీద మేక కనపడుతుంది, చేతిలో ఉన్న మ్యాపు కనపడదు! తీసి చదువుదామంటే అది కంట్లో ఉంది. సైకిల్ మీద స్పీడు చూపించే చిన్న డబ్బాది కూడా అదే కథ. నేను లెన్సులతో వెళ్తే జేబులో చదువుకునే అద్దాలు పెట్టుకుని వెళ్తాను, అంటే అద్దాలు వద్దని లెన్సులు పెట్టుకుని మళ్లీ అద్దాలే మోస్తున్నానన్నమాట. పోలరైజ్డ్ గాగుల్స్ కొనేముందు కూడా ఆ డబ్బాని ఒకసారి వాటిలోంచి చూడండి, కొన్ని స్క్రీన్లు పూర్తిగా నల్లగా కనపడతాయి.

ఎత్తు_పిచ్చి

లేసిక్ వద్దన్నారు కాబట్టి దాని జోలికి పోను. లేసిక్ చేయించుకున్నవాళ్లకి ఎత్తులో చూపు పోతుందన్న భయం మాత్రం తీరుస్తాను, ఎందుకంటే రెండు వేరే ఆపరేషన్లని అందరూ కలిపేస్తారు. 1996 మే నెలలో ఎవరెస్టు మీద బెక్ వెదర్స్ అనే అమెరికన్ డాక్టరుకి చూపు మందగించింది. ఆయన చేయించుకున్నది లేసిక్ కాదు, అంతకుముందు తరం రేడియల్ కెరటాటమీ. కార్నియా మీద గాట్లు పెట్టే పద్ధతి అది, ఆక్సిజన్ తగ్గితే ఆ గాట్ల దగ్గర కార్నియా ఆకారం మారి సైటు మారిపోయేది.

చైన్_ఊడింది

ఆవిరికి టూత్‌పేస్టు రుద్దమని ఎవరైనా చెప్తే వినకండి, కోటింగ్ పోతుంది. బఫ్ ముక్కు కిందికి ఉంచి, అద్దాలు కాస్త ముందుకి జరిపి గాలి ఆడనిస్తే సగం తగ్గుతుంది, మిగతా సగానికి యాంటీఫాగ్ స్ప్రే.

మసక_మబ్బు

సరే, సైకిల్‌కి పాలీకార్బొనేట్‌లో ఎత్తు ఫ్రేమ్, ఫొటోక్రోమిక్ వేయిస్తాను. ట్రెక్‌కి పగలు డైలీ టోరిక్, శిఖరం రోజు అద్దాలు, మీద ఫిట్‌ఓవర్. లెన్సులు పడకపోతే మొత్తం అద్దాలతోనే. ఇలా అయితే ఇంకో జత కళ్లజోడు కూడా మొయ్యాలా?

ఓరుగల్లు_ఆప్టమ్

మొయ్యాల్సిందే. -4.5 అంటే అద్దం లేకపోతే మీకు 22 సెంటీమీటర్ల అవతల అంతా మసకే, ఆ చూపుతో మంచులో కిందికి దిగలేరు. రెండో జతని గట్టి డబ్బాలో, మొదటి జత లేని బ్యాగులో పెట్టండి. లెన్సుల ట్రయల్‌కి ఈ వారమే వెళ్లండి, టోరిక్ డైలీలు చాలా షాపుల్లో స్టాకు ఉండవు, తెప్పించాలి. మొదట రోజుకి నాలుగైదు గంటలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి, ఒక ఆదివారం సైకిల్ మీద కూడా పెట్టి చూడండి. ట్రెక్‌కి రెండు వారాల ముందు కూడా కన్ను ఎర్రబడుతుంటే లెన్సులు ఇంట్లోనే వదిలెయ్యండి.