మన టీమ్‌కి త్రీలు ఎందుకు పడట్లేదు: షూటర్ల తప్పా, ఆట తప్పా?

కాలనీ గార్డ్:
సికింద్రాబాద్‌లో మా కాలనీ బాస్కెట్‌బాల్ టీమ్ సంగతి ఇది. ఇంకో టోర్నీ పోయింది, మళ్లీ అదే కథ. ఇరవై త్రీలు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే మూడో నాలుగో పడుతున్నాయి. ప్రాక్టీస్‌లో మాత్రం ఇదే పిల్లలు వరసపెట్టి దింపుతారు. షూటర్లని మార్చమని టీమ్‌లో సగం మంది గొడవ. నేనైతే ఆడే పద్ధతే తేడా అంటాను. పోస్ట్‌లోకి, అంటే రింగ్ దగ్గర నిలబడ్డవాడికి, బంతి ఇచ్చే అలవాటే మాకు లేదు. బయటే అటూ ఇటూ తిప్పి, షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లు అయిపోవస్తుంటే ఎవరి చేతిలో ఉంటే వాళ్లు విసిరేస్తారు. మీదకి డిఫెండర్ దూకుతుంటే వేసే షాట్ పడకపోతే షూటర్ని తిట్టడం ఏం న్యాయం?

ఎడమచేతి వాటం:
షూటర్ల తప్పే బ్రో. మీ మ్యాచ్ చూశాను, ఎవరూ దగ్గర లేనివి కూడా పోయాయి. సగం షాట్లు బల్లపరుపుగా వెళ్తున్నాయి. రింగ్ 45 సెంటీమీటర్లు, బంతి సుమారు 24. బంతి 45 డిగ్రీల వాలులో దిగితే దాని ముందున్న సందు దాదాపు 32 సెంటీమీటర్లు. అదే 35 డిగ్రీల్లో వస్తే 26కి కూడా చేరదు. రెండు సెంటీమీటర్ల సందులో నుంచి ఎన్నిసార్లు దూరుస్తారు? రింగ్ ముందు అంచుకి తగిలి బయటికి వచ్చినవే ఎక్కువ, గమనించారా?

లెక్కల మాస్టారు:
కాస్త ఆగండి. 35 శాతం షూటర్లున్న మంచి టీమ్ కూడా ఇరవై వేస్తే నాలుగు లేదా అంతకంటే తక్కువ పడే రోజు ఎనిమిది, తొమ్మిది మ్యాచ్‌లకోసారి వస్తుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 2018 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ టీమ్ వరసగా 27 త్రీలు మిస్ చేసింది. మొత్తం 44 వేస్తే 7 పడ్డాయి. వాళ్లకి షూటింగ్ రాదంటామా?

కాలనీ గార్డ్:
సార్, ఒక్క మ్యాచ్ అయితే అదృష్టం బాలేదనుకుంటాం. ప్రతి టోర్నీలోనూ ఇదేనా?

లెక్కల మాస్టారు:
అది ఒప్పుకుంటా. అయితే ఇంకో లెక్క చూడండి. ఇరవైకి నాలుగు అంటే 12 పాయింట్లు. అదే ఇరవైసార్లు లోపలికి వెళ్లి ఎనిమిది దింపినా 16, పైగా ఫౌళ్లు. త్రీ వేయడం లాభమే, కానీ మూడో వంతు పడితేనే. మూడో వంతు అంటే టూ పాయింటర్లు సగం దింపినంత. మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు.

గాలిపటం:
బయట సిమెంట్ కోర్టు కదా? ఆషాఢం గాలికి ఎవరి షాటైనా పక్కకి పోతుంది 😀

ఎడమచేతి వాటం:
గాలి అవతలి టీమ్‌కి వీయదా?

పాత రిఫరీ:
అందరూ మాట్లాడుతున్నారు గానీ ఒక్కరూ గీత ఎక్కడుందని అడగలేదు. త్రీ పాయింట్ గీత 1984 నుంచి రింగ్ మధ్య నుంచి 6.25 మీటర్ల దూరంలో ఉండేది, 2010లో ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా 6.75 చేసింది. పాత పెయింట్ మీదే మళ్లీ పెయింట్ వేసిన కోర్టులు నేను చూశాను. బాబూ, రేపు టేప్ పట్టుకెళ్లు. బోర్డు వెనక ఎండ్ లైన్ లోపలి అంచు నుంచి కోర్టు మధ్యగా కొలువు. గీత బయటి అంచు 8.325 దగ్గర ఉండాలి. 7.825 వస్తే మీ పిల్లలు నేర్చుకుంటున్నది పాత గీత మీద.

ఎడమచేతి వాటం:
అర మీటరుకే ఇంత రాద్ధాంతమా అంకుల్? ఎన్‌బీఏలో 7.24 మీటర్ల నుంచి వేస్తున్నారు.

పాత రిఫరీ:
వాళ్ల కాళ్లలో బలం ఉంది నాయనా. పదహారేళ్ల పిల్లాడు అలవాటు లేని అర మీటరు కోసం ఏం చేస్తాడు? మోకాళ్లు వంచి లేవాల్సింది పోయి భుజంతో నెడతాడు. అప్పుడే కదా నువ్వు చెప్పిన బల్లపరుపు షాట్ వచ్చేది. నాలుగో క్వార్టర్‌లో కాళ్లు అలసిపోయాక ఇంకా ఘోరం.

కాలనీ గార్డ్:
కొలిచాం. 7.82 వచ్చింది. పాత గీతే.
అయినా నా మాట నేను వదలను. గీత సరిచేస్తే ప్రాక్టీస్ బాగుపడుతుంది, మ్యాచ్‌లో పాస్ ఎక్కడి నుంచి రావాలి? 2-3 జోన్ (ముందు ఇద్దరు, రింగ్ దగ్గర ముగ్గురు నిలబడి కాచే డిఫెన్స్) వేసిన ప్రతి టీమ్ మీదా మేం గీత పైభాగంలోనే నిలబడతాం. కొత్త కొలతలో కూడా కార్నర్‌లో గీత 6.60 మీటర్లే, అక్కడ మావాడు ఒక్కడూ ఉండడు. బంతి పోస్ట్‌లోకి వెళ్తే జోన్ లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు కార్నర్‌కి పాస్ వస్తే షూటర్‌కి కాళ్లు సర్దుకునే టైమ్ దొరుకుతుంది. లోపలి నుంచి బయటికి వచ్చిన బంతి మీద వేసిన త్రీ వేరు, గడియారం చూసి విసిరిన త్రీ వేరు. రెండింటినీ ఒకే స్కోరు షీట్‌లో కలిపి పిల్లల్ని మార్చేద్దామంటే నేను ఒప్పుకోను.

లెక్కల మాస్టారు:
అయితే వచ్చే మ్యాచ్‌లో బెంచ్ మీద ఒకడికి పెన్ను ఇవ్వండి. పోస్ట్ నుంచి వచ్చిన పాస్ మీద వేసినవి ఒక వరస, మిగతావి ఇంకో వరస. పడ్డవీ పోయినవీ రెండూ రాయాలి. కొన్ని మ్యాచ్‌లు రాశాక మాట్లాడుకుందాం.

ఎడమచేతి వాటం:
రాయండి. పెయింట్ డబ్బా నేను తెస్తా. కానీ మీ పొడుగు ఫార్వర్డ్‌ని మాత్రం ముందు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెట్టండి. అక్కడ గడియారమూ లేదు, డిఫెండరూ లేడు, అయినా బంతి బల్లపరుపుగానే పోతోంది.