అనంతపురంలో పాలసీ, బెంగళూరులో ఆపరేషన్: మన జేబు నుంచి ఎంత పోతుంది?

అనంత_కుర్రోడు
అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్ చూస్తున్నా. నాన్నకు 61, షుగర్ ఉంది. ఏజెంట్ 5 లక్షల ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ) చూపించాడు, ప్రీమియం తక్కువే. మనకు పెద్ద ఆపరేషన్ అంటే బెంగళూరు బండి ఎక్కాల్సిందే కదా, అక్కడ చెల్లుతుందా అంటే "ఇండియాలో ఎక్కడైనా చెల్లుతుంది సార్" అంటాడు. నమ్మొచ్చా?

కర్నూలు_బిల్లింగ్_అక్క
చెల్లుతుంది తమ్ముడూ, ఎంత చెల్లుతుందో అడుగు. కొన్ని పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విడగొడతారు. మన ఊరి అడ్రసుకు ప్రీమియం తక్కువ పడుతుంది, తీరా హైదరాబాదులోనో బెంగళూరులోనో చేరితే బిల్లులో ఇంత శాతం నువ్వే కట్టుకో అంటారు, దాన్నే కో-పే అంటారు. అన్ని పాలసీల్లో ఉండదు, కానీ "తక్కువే" అన్నావు చూడు, అక్కడే నాకు డౌటు. ఇంకోటి, షుగర్ సంగతి ఫారంలో రాయించు. ఏజెంటే "రాయొద్దులే సార్" అన్నా వినకు, దాచారని తేలితే క్లెయిమ్ తిప్పి కొడతారు. రాస్తే షుగర్ వల్ల వచ్చే వాటికి వెయిటింగ్ ఉంటుంది, అంటే ఆ గడువు దాటేదాకా వాటికి డబ్బులివ్వరు, 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప ఏదీ కవర్ కాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకాలి చిప్పల్లాంటి వాటికి విడిగా గడువు ఉంటుంది, అదీ చూసుకో.

కడప_మామ
రూమ్ రెంట్ గురించి ఎవరూ చెప్పరేం? మా బామ్మర్దిది 5 లక్షల పాలసీ, రూముకు రోజుకు అందులో 1 శాతం దాకానే ఇస్తారు, అంటే 5,000. ఆసుపత్రిలో 8,000 రూము తీసుకున్నారు. తేడా రోజుకు 3,000 కట్టుకుంటే సరిపోతుంది అనుకున్నాం. అట్ల కాదంట! రూము ఏ నిష్పత్తిలో ఎక్కువైతే డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ పద్దు కింద 1,60,000 అయితే లక్షే ఇచ్చారు, 60,000 మా నెత్తిన పడింది. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులకు ఈ కోత లేదు, అదొక్కటే నయం. గ్లౌజులు, సిరంజీల పద్దు మళ్లీ వేరే గోల.

నంద్యాల_రైతుబిడ్డ
అన్నా, ముందు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉందేమో చూడు (పాత ఆరోగ్యశ్రీ). మా జేజికి 70 దాటాయి, 70 దాటినోళ్లకు కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆదాయంతో పని లేదు, వైద్యానికి ఏడాదికి 5 లక్షలు.

కర్నూలు_బిల్లింగ్_అక్క
అవును, కానీ లిస్టులో ఉన్న ఆసుపత్రి, లిస్టులో ఉన్న జబ్బు అయ్యుండాల. ఇంకో మాట తమ్ముడూ, ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసును బట్టి లెక్కేస్తారు, కాబట్టి నీ పెళ్లాం పిల్లల్ని అందులో కలపొద్దు. 5 లక్షలు చాలదనిపిస్తే 5 లక్షల డిడక్టిబుల్‌తో (అంతవరకు మొదటి పాలసీయో, మనమో కట్టుకోవాల) సూపర్ టాప్-అప్ అనే అదనపు పాలసీ తీసుకో, ఏడాది బిల్లులన్నీ కలిపి 5 దాటినప్పటి నుంచి అది ఇస్తుంది. వట్టి టాప్-అప్ వద్దు, అది ఏ క్లెయిముకు ఆ క్లెయిమే చూస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, కొటేషన్‌లో వేసి ఉంటే అడుగు.

అనంత_కుర్రోడు
థ్యాంక్స్ అక్కా, మామా. ఇప్పుడే ఏజెంటుకు ఫోన్ కొట్టి పాలసీ వర్డింగ్స్ (షరతులన్నీ ఉండే పత్రం) మొత్తం పంపమన్నా. నవ్వుతున్న ఫ్యామిలీ ఫోటో ఉన్న బ్రోచర్ పంపాడు. మళ్లీ అడిగా.

కడప_మామ
అది వచ్చేదాకా చెక్కు రాయొద్దు.